షాక్ మిషన్ సెట్టింగులు: ఆస్పత్రి అంతటా ఒకే పద్ధతిలో పెట్టుకోవడం ఎలా?

"అన్నా, డీఫిబ్‌ల ఎన్ని జూల్స్ పెట్టి ఉంచాలె?"

నల్గొండ, సూర్యాపేట, దేవరకొండ, జడ్చర్ల, వనపర్తి... ఎక్కడికి సర్వీసుకు వెళ్లినా సిస్టర్లు నన్ను అడిగే మొదటి ప్రశ్న ఇది. డీఫిబ్ అంటే డీఫిబ్రిలేటర్, గుండెకు షాక్ ఇచ్చే మిషన్. జూల్స్ అంటే ఆ షాక్ ఎంత బలమైనదో చెప్పే కొలత. రాత్రిళ్లు ఫోన్ చేసి అడిగేవాళ్లూ ఉన్నారు. ఒక నంబర్ చెప్పేసి ఫోన్ పెట్టేయొచ్చు. కానీ ఆ నంబర్ మీ క్యాజువాలిటీ మిషన్‌కు సరిపోయి, పైఅంతస్తు ఐసీయూలో ఉన్న మిషన్‌కు సరిపోకపోవచ్చు. అందుకే విడివిడిగా చెప్పడం మానేసి, మొత్తం ఒకచోట రాస్తున్నాను.

ఇది ఇరవై నుంచి వంద పడకల ఆస్పత్రుల్లో పనిచేసే సిస్టర్లు, డ్యూటీ డాక్టర్లు, టెక్నీషియన్ల కోసం. బయటి నుంచి షాక్ ఇచ్చే మాన్యువల్ డీఫిబ్రిలేటర్ల గురించి మాత్రమే చెబుతున్నాను. ఛాతీలో అమర్చే ఐసీడీల ప్రోగ్రామింగ్ కార్డియాలజిస్ట్ పని, దాని జోలికి వెళ్లడం లేదు. సీపీఆర్, ఏసీఎల్ఎస్ (గుండె ఆగినప్పుడు చేసే అడ్వాన్స్‌డ్ చికిత్స) శిక్షణకు కూడా ఇది బదులు కాదు.

థియరీ రెండు మాటల్లో: వెంట్రిక్యులర్ ఫిబ్రిలేషన్ (వీఎఫ్) వస్తే గుండె కొట్టుకోదు, వణుకుతుంది. షాక్ ఆ వణుకును ఆపుతుంది. సీపీఆర్ కూడా అందకపోతే షాక్ ఆలస్యమైన ప్రతి నిమిషానికి బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గిపోతుంది. బటన్ ఎక్కడుందో వెతకడానికి పోయే అర నిమిషం కూడా ఆ లెక్కలోకే వస్తుంది.

ముందు దగ్గర పెట్టుకోవలసినవి

- ప్రతి మిషన్ యూజర్ మాన్యువల్. పోయి ఉంటే మోడల్ నంబర్ చెప్పి కంపెనీ సర్వీస్ వాళ్లను అడగండి, పీడీఎఫ్ పంపుతారు.
- డీఫిబ్ జెల్, గడువు దాటని ప్యాడ్లు (ఛాతీకి అంటించేవి), ఈసీజీ ఎలక్ట్రోడ్లు, రేజర్, పొడి టవల్, ప్రింటర్ పేపర్ రోల్.
- లామినేట్ చేయించిన కార్డు (మిషన్‌కు ఒకటి), చెక్ రిజిస్టర్.
- డీఫిబ్ ఎనలైజర్ (షాక్ నిజంగా ఎన్ని జూల్స్ వస్తుందో కొలిచేది). మీ దగ్గర ఉండదు, బయోమెడికల్ వాళ్లు తెస్తారు.
- సంతకం పెట్టే డాక్టర్. జూల్స్ ఎంతో తేల్చాల్సింది ఆస్పత్రి మెడికల్ హెడ్ లేదా కార్డియాలజిస్ట్. నాలాంటి టెక్నీషియన్ కాదు, మిషన్ అమ్మిన సేల్స్ మనిషి అసలే కాదు.

1. ఉన్న మిషన్లన్నీ లెక్క రాయండి

కాగితం, పెన్ను పట్టుకుని క్యాజువాలిటీ, ఐసీయూ, ఆపరేషన్ థియేటర్, లేబర్ రూమ్, అంబులెన్స్ అన్నీ తిరగండి. ప్రతి మిషన్‌కు కంపెనీ, మోడల్, సీరియల్ నంబర్, గరిష్ఠ జూల్స్, ఆన్ చేయగానే స్క్రీన్ మీద కనిపించే జూల్స్, ప్యాడ్ కనెక్టర్ ఏ రకమో రాయండి. మన దగ్గర ఒక మిషన్ దాత ఇచ్చింది ఉంటుంది, ఇంకోటి కొన్నది, మూడోది సెకండ్ హ్యాండ్‌లో వచ్చింది. మూడూ మూడు కంపెనీలవి. ఒకదాని ప్యాడ్ ఇంకోదానికి గుచ్చుకోదు. స్టోర్‌లో ఇరవై ప్యాడ్లు ఉండి కూడా ఐసీయూ మిషన్‌కు ఒక్కటీ సరిపోని ఆస్పత్రిని చూశాను.

మోనోఫేజిక్ మిషన్ (కరెంటును ఒకే దిశలో పంపే పాత రకం; బైఫేజిక్ రెండు దిశల్లోనూ పంపుతుంది) ఇంకా వాడుతున్నారేమో ఈ దశలోనే తేల్చుకోండి. గరిష్ఠం 360 ఉంది కాబట్టి మోనోఫేజిక్ అనుకోవద్దు. లైఫ్‌ప్యాక్ బైఫేజిక్ మిషన్లు కూడా 360 దాకా వెళ్తాయి. మిషన్ ముందు భాగంలో "బైఫేజిక్" అని రాసి ఉందా, మాన్యువల్‌లో ఏముంది అన్నదే చూడాలి.

2. ఒక్కో మిషన్‌కు దాని నంబర్ తేల్చి కార్డు రాయండి

మీరు అడిగే ప్రశ్నకు జవాబు ఇక్కడుంది. పెద్దవాళ్లకు బైఫేజిక్‌లో మొదటి షాక్ 120 నుంచి 200 జూల్స్ మధ్య ఉంటుంది. ఆ మధ్యలో ఎంత అన్నది కంపెనీ చెప్పాలి, ఎందుకంటే ఒక్కో కంపెనీ కరెంటును ఒక్కో తీరుగా పంపుతుంది. జోల్ మిషన్లలో వరుస 120, 150, 200. ఫిలిప్స్‌లో 150. లైఫ్‌ప్యాక్‌లో 200, 300, 360. పాత మోనోఫేజిక్ అయితే నేరుగా 360. జోల్‌లో 200 అంటే ఆఖరి మెట్టు, లైఫ్‌ప్యాక్‌లో అదే 200 మొదటి మెట్టు. అన్నిటికీ ఒకే నంబర్ అతికిస్తే ఎక్కడో ఒకచోట తప్పు పడుతుంది.

కంపెనీ సిఫారసు ఏంటో ఎంత వెతికినా దొరక్కపోతే, ఆ మిషన్‌లో ఉన్న గరిష్ఠ జూల్స్ వాడాలని గైడ్‌లైన్స్ చెబుతాయి. రెండో షాక్ మొదటిదానికంటే తగ్గకూడదు.

పిల్లలకు బరువును బట్టి: మొదటి షాక్ కిలోకు 2 జూల్స్, రెండోది కిలోకు 4. ఆ తర్వాత 4 లేదా అంతకంటే ఎక్కువ, అయితే కిలోకు 10 గానీ పెద్దవాళ్ల డోసు గానీ దాటకూడదు. పది కిలోల పాపకు 20, తర్వాత 40. ఇరవై కిలోల బాబుకు 40, తర్వాత 80. ఈ లెక్క ఆ క్షణంలో ఎవరికీ తోచదు. అందుకే 5, 10, 15, 20, 25 కిలోలకు ముందే లెక్కగట్టి కార్డు వెనకవైపు రాయండి. మిషన్‌లో సరిగ్గా ఆ నంబర్ లేకపోతే ఏ మెట్టు వాడాలో డాక్టర్‌తో ముందే రాయించుకోండి.

కార్డు ముందువైపు నాలుగే లైన్లు: పెద్దల మొదటి షాక్, తర్వాతి షాక్, కార్డియోవర్షన్‌కు (కొట్టుకుంటున్న గుండె లయ సరిచేసే షాక్‌కు) డాక్టర్ రాసిన జూల్స్, కింద తేదీ, సంతకం. ఇంకేమీ రాయొద్దు. పేరాగ్రాఫులు రాసిన కార్డును కోడ్ బ్లూలో (గుండె ఆగిన ఎమర్జెన్సీలో) ఎవరూ చదవరు.

3. మెనూలోని సెట్టింగులు ఒకే తీరుగా మార్చండి

నంబర్ మిషన్‌ను బట్టి మారుతుంది, మిగతావన్నీ అన్ని మిషన్లలో ఒకేలా ఉండాలి. సాయంత్రం క్యాజువాలిటీలో డ్యూటీ చేసిన సిస్టర్‌ను రాత్రి ఐసీయూలో వేస్తారు. ఆమె చెయ్యి అలవాటుగా ఎక్కడికి వెళ్తుందో అక్కడే పని జరగాలి. కాన్ఫిగరేషన్ మెనూకు చాలా మిషన్లలో పాస్‌వర్డ్ ఉంటుంది, బయోమెడికల్ వాళ్లతో తీయించుకోండి. చూడాల్సినవి:

- ఆన్ చేయగానే వచ్చే జూల్స్: కార్డు మీద ఉన్న పెద్దల మొదటి షాక్ అంకె. పీడియాట్రిక్ వార్డు మిషన్‌కు వేరుగా నిర్ణయించుకోండి.
- ఆన్ చేయగానే ఈసీజీ ఎక్కడి నుంచి చూపించాలి: ప్యాడ్స్, ప్యాడిల్స్ (చేత్తో పట్టి ఛాతీ మీద అదిమేవి) నుంచా, లీడ్ 2 (ఈసీజీ ఎలక్ట్రోడ్ల వైర్లు) నుంచా? ఏదో ఒకటి తేల్చి అన్నిటికీ అదే పెట్టండి.
- మాన్యువల్‌లో తెరుచుకోవాలా, ఏఈడీ మోడ్‌లోనా? రాత్రి డాక్టర్ వెంటనే అందని చోట ఏఈడీ మోడ్ మేలు. షాక్ ఇవ్వాలో వద్దో మిషనే చూసి చెబుతుంది.
- షాక్ తర్వాత స్ట్రిప్ దానంతట అదే ప్రింట్ కావాలి.
- గడియారం. అన్ని మిషన్లూ గోడ గడియారంతో కలవాలి. బ్యాటరీ మార్చిన తర్వాత మళ్లీ చూడండి. కేసు షీటులో ఒక టైమ్, స్ట్రిప్ మీద ఇంకో టైమ్ ఉంటే తర్వాత తలనొప్పి మీకే.

లీడ్ విషయంలో తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. ప్యాడ్లు ఛాతీకి అంటించి, స్క్రీన్ మాత్రం లీడ్ 2లో వదిలేస్తారు. ఎలక్ట్రోడ్లు పెట్టలేదు కాబట్టి అడ్డగీత కనిపిస్తుంది. దాన్ని చూసి అసిస్టోలీ (గుండె పూర్తిగా ఆగిపోవడం) అనుకుంటారు, షాక్ ఇవ్వరు. అడ్డగీత కనిపిస్తే ముందు లీడ్ ఏది సెలెక్ట్ అయి ఉందో, వైరు ఊడిందో, సైజు పెంచితే అలలు కనిపిస్తున్నాయో చూడాలి. ఇంతలో సీపీఆర్ ఆగకూడదు.

సరిచూసుకోవడం: మార్చిన తర్వాత మిషన్ ఆపండి. నిమిషం ఆగి ఆన్ చేయండి. పెట్టినవన్నీ అలాగే ఉన్నాయా? ప్లగ్ పీకి, బ్యాటరీ మీద మళ్లీ ఒకసారి చూడండి. కొన్ని మిషన్లలో సేవ్ నొక్కకుండా బయటికొస్తే మార్పులన్నీ పోతాయి.

4. సింక్ బటన్. దయచేసి ఇది రెండుసార్లు చదవండి

కొన్నేళ్ల కిందట ఒక నర్సింగ్ హోమ్ నుంచి పొద్దున్నే ఫోన్ వచ్చింది. "రాత్రి మిషన్ ఫెయిలైంది, షాక్ కొడ్తె పడలే." వెళ్లి ఎనలైజర్ పెట్టి 200 కొట్టాను. 197 వచ్చింది. మిషన్‌కు ఏ రోగమూ లేదు. లాగ్ తీసి చూస్తే అర్థమైంది. సాయంత్రం ఒక పేషెంట్‌కు కార్డియోవర్షన్ చేశారు. ఆ మిషన్ షాక్ తర్వాత కూడా సింక్‌లోనే (గుండె కొట్టుకోవడంతో కలిపి షాక్ వదిలే పద్ధతిలోనే) ఉండేలా సెట్ చేసి ఉంది. మానిటర్‌గా వాడుతున్నారు కాబట్టి ఎవరూ ఆఫ్ చేయలేదు. అర్ధరాత్రి అదే పేషెంట్‌కు ఫిబ్రిలేషన్ వచ్చింది. సిస్టర్ ఛార్జ్ చేసింది, రెండు బటన్లూ నొక్కింది. సింక్‌లో ఉన్న మిషన్ ఆర్ వేవ్ (గుండె కొట్టుకున్నప్పుడల్లా ఈసీజీలో లేచే నిటారు మొన) కోసం ఎదురుచూస్తుంది. ఫిబ్రిలేషన్‌లో ఆర్ వేవ్ ఉండదు. మిషన్ ఎదురుచూస్తూనే ఉండిపోయింది. కింది అంతస్తు నుంచి ఇంకో మిషన్ మోసుకొచ్చేసరికి ఆలస్యమైంది. ఆయన దక్కలేదు. సింక్ వల్లే అని ఎవరూ తేల్చి చెప్పలేరు. కానీ లాగ్ పేపర్ చూపించినప్పుడు ఆ సిస్టర్ ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆమె తప్పు అందులో చాలా తక్కువ.

కాబట్టి అన్ని మిషన్లలో "షాక్ తర్వాత సింక్ ఆఫ్ కావాలి" అని పెట్టించండి. ఇది చాలా మిషన్ల మెనూలో ఉంటుంది. అయితే దీనికీ ఇంకో వైపు ఉంది. కార్డియోవర్షన్‌లో మొదటి షాక్ పనిచేయక రెండోది ఇవ్వాల్సి వస్తే సింక్ మళ్లీ నొక్కాలి. మర్చిపోతే షాక్ టీ వేవ్ (ఆర్ వేవ్ తర్వాత వచ్చే అల) మీద పడి, కొట్టుకుంటున్న గుండె ఫిబ్రిలేషన్‌లోకి వెళ్లొచ్చు. అంటే ఏ సెట్టింగ్ పెట్టినా ఒక ప్రమాదం మిగిలే ఉంటుంది. నేను ఆఫ్ కావడమే మేలంటాను, ఎందుకంటే ఫిబ్రిలేషన్‌లో ఆలోచించే వ్యవధి ఉండదు, కార్డియోవర్షన్‌లో కాస్త ఉంటుంది. మీ డాక్టర్ వేరేగా నిర్ణయిస్తే అలాగే చేయండి, కానీ ఆస్పత్రి మొత్తం ఒకటే ఉండాలి.

మిషన్‌లో ఆ ఆప్షన్ లేకపోతే? స్క్రీన్ పక్కన పసుపు స్టిక్కర్ మీద "షాక్‌కు ముందు సింక్ చూడు" అని అంటించండి. ఉన్నా లేకపోయినా ఒక అలవాటు చేసుకోండి: ప్రతి షాక్‌కు ముందు బటన్ నొక్కే మనిషి "సింక్ ఆఫ్" లేదా "సింక్ ఆన్" అని పైకి అనాలి.

సింక్‌లో షాక్ ఇచ్చేటప్పుడు ఇంకో రెండు విషయాలు. స్క్రీన్ మీద ప్రతి ఆర్ వేవ్ నెత్తిన గుర్తు పడుతుందో లేదో చూడండి. టీ వేవ్ మీద పడుతుంటే లీడ్ మార్చండి లేదా సైజు సర్దండి. తర్వాత, షాక్ బటన్ టక్కున నొక్కి వదిలేయొద్దు. షాక్ పడేదాకా నొక్కి పట్టుకోవాలి. "సింక్‌లో మిషన్ పనిచేస్తలేదు" అని నాకు వచ్చే ఫోన్లలో చాలా వాటికి కారణం ఈ తొందరే.

5. జెల్, ప్యాడ్లు, ప్యాడిల్స్

సెట్టింగ్ ఎంత సరిగా ఉన్నా ఛాతీ దగ్గర కరెంటు అందకపోతే వృథా. మన దగ్గర ఎక్కువగా జరిగే తప్పు, స్కానింగ్ రూమ్ నుంచి అల్ట్రాసౌండ్ జెల్లీ తెచ్చి ప్యాడిల్స్‌కు పూయడం. చూడ్డానికి రెండూ ఒకటే. కానీ అల్ట్రాసౌండ్ జెల్ కరెంటును సరిగా మోసుకెళ్లదు. చర్మం కాలుతుంది, నిప్పురవ్వలు కూడా రావొచ్చు. ట్యూబ్ మీద డీఫిబ్రిలేషన్‌కు అని రాసి ఉందా చూసి, దాన్ని మిషన్‌కే తాడుతో కట్టేయండి. స్కానింగ్ డబ్బా క్రాష్ కార్ట్ మీద కనిపించకూడదు.

జెల్ మధ్యలో ఒక ముద్ద వేసి, రెండు ప్యాడిల్స్ ఒకదానికొకటి రుద్ది సమంగా పరచండి. ఇది ఛార్జ్ చేయకముందే జరగాలి. ఒకటి కుడి కాలర్ ఎముక కింద, రెండోది ఎడమవైపు చంక కింద పక్కటెముకల మీద. పెద్దవాళ్లకు సుమారు ఎనిమిది కిలోల బరువుతో అదమాలి. అది ఎంతో చేతికి తెలియాలంటే బరువు తూచే మిషన్ మీద ప్యాడిల్ పెట్టి నొక్కి చూడండి. చాలామంది మూడు నాలుగు కిలోల దగ్గరే ఆగిపోతారు. ఛాతీ మీద జెల్ రెండు ప్యాడిల్స్ మధ్య కారి కలవకూడదు. కలిస్తే కరెంటు గుండెలోకి పోకుండా పైపైనే పోతుంది.

ఎండాకాలం మన దగ్గరకు వచ్చే పేషెంట్ చెమటతో తడిసి ఉంటాడు. పడిపోయాడని చుట్టుపక్కల వాళ్లు బిందెడు నీళ్లు కుమ్మరించి ఉంటారు. టవల్‌తో ఛాతీ తుడవడం తప్పనిసరి. పుస్తెలతాడు, గొలుసు, తాయత్తు ప్యాడ్ కింద పడకుండా పక్కకు జరపండి. తీయడానికి టైమ్ పోనివ్వొద్దు. మందు ప్యాచ్ ఉంటే పీకి తుడవండి. చర్మం కింద పేస్‌మేకర్ గడ్డలా కనిపిస్తే దాని మీద పెట్టకుండా దాదాపు 8 సెంటీమీటర్ల దూరం ఉంచండి. ఆక్సిజన్ మాస్క్ కనీసం మీటరు దూరం జరపాలి.

ప్యాడ్ల ప్యాకెట్ మీద తేదీ చూడండి, ముందే చింపి సిద్ధంగా పెట్టొద్దు. గాలి తగిలితే జెల్ ఎండిపోతుంది. ప్యాకెట్ మీద ఎంత వేడి వరకు ఉంచొచ్చో రాసి ఉంటుంది. మే నెలలో నల్గొండలో 44, 45 డిగ్రీలు మనకు కొత్త కాదు. ఎండలో నిలబెట్టిన అంబులెన్స్ లోపల అంతకంటే ఎక్కువ ఉంటుంది. అంబులెన్స్ ప్యాడ్లను నెలకోసారి చూడండి, అట్టలా గట్టిపడితే పారేయండి.

6. రోజూ పొద్దున చెక్

డ్యూటీ మారేటప్పుడు, మూడు నిమిషాల పని:

ప్లగ్ పీకండి. బ్యాటరీ మీద ఆన్ చేయండి. స్క్రీన్ మీద వచ్చిన జూల్స్ కార్డుతో కలుస్తుందా? సింక్ ఆఫ్‌లో ఉందా? ప్యాడిల్స్ వాటి గూట్లో సరిగ్గా కూర్చోబెట్టి మాన్యువల్‌లో చెప్పిన తక్కువ జూల్స్‌తో టెస్ట్ షాక్ కొట్టండి. జోల్ పాత మోడళ్లలో అది 30. "టెస్ట్ ఓకే" స్ట్రిప్ రిజిస్టర్‌లో అంటించండి. మళ్లీ ప్లగ్ పెట్టి ఛార్జింగ్ లైటు వెలిగిందో చూసి పోండి.

ఆఖరి మాట ఎందుకంటే, ఎక్స్‌టెన్షన్ బాక్స్‌లో డీఫిబ్ ప్లగ్ తీసి దోమల మందు మిషనో, ఫోన్ ఛార్జరో పెట్టడం నేను లెక్కలేనన్ని సార్లు చూశాను. నాలుగు రోజులకు బ్యాటరీ నిల్. కరెంటు పోయి జనరేటర్ అందుకునే లోపు మిషన్ చీకటి. డీఫిబ్‌కు విడిగా గోడ సాకెట్ ఇచ్చి, మీద ఎర్ర స్టిక్కర్ వేయండి.

ప్రమాదం: పొరపాటున ఛార్జ్ చేస్తే ప్యాడిల్స్ రెండూ ఎదురెదురుగా ఆనించి కొట్టొద్దు. గాల్లోనూ కొట్టొద్దు. డిస్ఆర్మ్ నొక్కండి, లేదా జూల్స్ మార్చండి, లేదా మిషన్ ఆపేయండి. ఛార్జ్ లోపలే ఖాళీ అవుతుంది. ప్యాడిల్ మీద నల్లటి గుంటలు కనిపిస్తే ఎవరో ఆ పని చేశారని అర్థం. ఎండిన జెల్ పెచ్చులు కడితే తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టండి.

వారానికోసారి గడియారం పట్టుకుని గరిష్ఠ జూల్స్ ఛార్జ్ కావడానికి ఎంతసేపు పడుతుందో చూసి, లోపలే ఖాళీ చేయండి. 15 సెకన్లు దాటితే బ్యాటరీ ముసలిదైపోయినట్టే, వెంటనే చెప్పండి.

7. ఎనలైజర్ టెస్ట్

ఏడాదికి కనీసం ఒకసారి, వీలైతే ఆరు నెలలకోసారి. రోజూ వచ్చే "టెస్ట్ ఓకే" దీనికి బదులు కాదు. 50 ఓమ్స్ లోడ్ మీద తక్కువ, మధ్య, గరిష్ఠ జూల్స్ మూడూ కొట్టించండి. ఐఈసీ 60601-2-4 ప్రమాణం ప్రకారం పెట్టిన అంకెకు 15 శాతం లేదా 3 జూల్స్, ఏది ఎక్కువైతే అంత తేడా వరకు పర్వాలేదు. అంటే 200 పెడితే 170 నుంచి 230 లోపు, 10 పెడితే 7 నుంచి 13 లోపు రావాలి. సింక్‌లో ఆర్ వేవ్ తర్వాత 60 మిల్లీసెకన్లలోపు షాక్ పడాలి. టెక్నీషియన్ "అంతా ఓకే మేడం" అని సంతకం పెడితే ఒప్పుకోవద్దు, అంకెలు రాయించుకోండి. సర్వీసు నుంచి తిరిగొచ్చిన మిషన్‌లో మెనూ ఫ్యాక్టరీ సెట్టింగుకు మారిపోయి ఉండొచ్చు. మూడో దశ మొత్తం మళ్లీ చూశాకే వార్డులో పెట్టండి.

8. పనిచేస్తోందో లేదో మాక్ డ్రిల్‌తో తేల్చండి

నెలకోసారి, చెప్పకుండా. ఆ మిషన్ ఎప్పుడూ వాడని సిస్టర్‌ను పిలిచి, మంచం మీద దిండు పెట్టి "పల్స్ లేదు, వీఎఫ్" అనండి. నిజమైన షాక్ కొట్టొద్దు. ఛార్జ్ చేసి, "అందరూ దూరం" అని చుట్టూ చూసి, లోపలే ఖాళీ చేయడం దాకా చాలు. మూడు టైములు రాయండి: మిషన్ ఆన్ కావడానికి ఎంత పట్టింది, సరైన జూల్స్ మీదికి రావడానికి ఎంత, దిండు మీద నుంచి సీపీఆర్ చేతులు తీసి ఉంచింది ఎంతసేపు. చివరిది పది సెకన్లు దాటకూడదు. మిషన్ ఛార్జ్ అవుతున్నంతసేపు సీపీఆర్ సాగాలి, షాక్ అవగానే స్క్రీన్ చూస్తూ నిలబడకుండా మళ్లీ రెండు నిమిషాలు చేయాలి.

అదే సిస్టర్‌తో పై అంతస్తు మిషన్ మీద కూడా చేయించండి. రెండు చోట్లా టైములు దగ్గర దగ్గరగా వస్తే మీరు పెట్టిన పద్ధతి పట్టింది. ఒకచోట ఇరవై సెకన్లు ఎక్కువ పడితే ఆమె చెయ్యి ఎక్కడ ఆగిందో అడగండి. ఎక్కువసార్లు అది కార్డు కనిపించని చోట వేలాడదీయడమో, ఆన్ చేయగానే మిషన్ వేరే మోడ్‌లో తెరుచుకోవడమో అయి ఉంటుంది. అక్కడ సరిదిద్ది, వచ్చే వారం మళ్లీ ఆమెతోనే చేయించండి.